మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు గైడ్ బండిలో ఒక రోజు: నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్లవాడు, దారిలో రాజుగారి కోట – సలహా కావాలి

ఇసార్ ఒడ్డు
అందరికీ నమస్కారం. జూన్‌లో మా అమ్మానాన్నలు రాజమహేంద్రవరం నుంచి, అత్తమామలు ఖమ్మం నుంచి వస్తున్నారు. కొన్నాళ్ళు మ్యూనిక్‌లో మా ఇంట్లో ఉండి, తర్వాత ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో మూడు రాత్రులు గడపాలని అనుకుంటున్నాం. మ్యూనిక్ నుంచి అక్కడికి వెళ్ళే రోజును ఊరికే ప్రయాణానికి వదిలేయకుండా, గైడ్‌తో సహా ఒక వ్యాన్ మాట్లాడుకొని దారిలో చూడదగ్గవి చూసుకుంటూ వెళ్దామని ఆలోచన. మేమిద్దరం, పెద్దవాళ్ళు నలుగురు, ఆరేళ్ళ మా అబ్బాయి, మొత్తం ఏడుగురం.

ఒక కంపెనీ వారు పంపిన ప్రణాళిక ఇది: ఉదయం 7కు బయలుదేరి వీస్ చర్చి, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట, లిండర్‌హోఫ్ రాజభవనం, త్సుగ్‌ష్పిట్సె శిఖరం, వాటెన్స్‌లోని స్వరోవ్‌స్కీ స్ఫటిక లోకం, సాయంత్రం 6కు ఇన్స్‌బ్రుక్. చదవడానికి బాగానే ఉంది. ఇది జరిగే పనేనా? నాన్నగారికి మోకాళ్ళ నొప్పి. మామగారికి రెండేళ్ళ క్రితం స్టెంట్ వేశారు. అత్తగారు గుడ్డు కూడా తినరు. తేదీ జూన్ మొదటి శనివారం అనుకుంటున్నాం.

కొండదారి
ఇన్స్‌బ్రుక్ నుంచి రాస్తున్నాను. ఆ ప్రణాళిక రాసినవారు మ్యాపులో దూరాలు కూడారు, మనుషులను కూడలేదు.

ఒక్క నోయ్‌ష్వాన్‌స్టైన్‌కే మూడు గంటలు పడుతుంది. లోపల చూపించేది అరగంటే. కానీ కింద ఊళ్ళో బండి దిగాలి, కొండ ఎక్కాలి, మీకు ఇచ్చిన సమయం కోసం ముంగిట్లో నిలబడాలి, మళ్ళీ దిగాలి. త్సుగ్‌ష్పిట్సె కూడా తక్కువలో తక్కువ మూడు గంటల పని. వాటెన్స్ ఇన్స్‌బ్రుక్ దాటి తూర్పుగా దాదాపు 20 కిలోమీటర్లు వెళ్ళాలి. అంటే మీ హోటల్ దాటి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావడం!

త్సుగ్‌ష్పిట్సె, వాటెన్స్ రెండూ కొట్టేయండి. ఎలాగూ ఇక్కడ మూడు రాత్రులు ఉంటారు కదా. వాటెన్స్‌కు ఊళ్ళోంచే బస్సు ఉంది. కొండ ఎక్కాలంటే నార్ట్‌కెట్టె రోప్‌వే ఊళ్ళోంచే మొదలవుతుంది. ఏ ఉదయం ఆకాశం తేటగా ఉంటే ఆ ఉదయం ఎక్కవచ్చు. బండి మాట్లాడుకున్న రోజున కొండ మీద మబ్బు కమ్మితే డబ్బు పోయినట్టే.

రైలుబండి
అసలు వ్యాన్ ఎందుకండీ? మ్యూనిక్ నుంచి ఇన్స్‌బ్రుక్‌కు నేరుగా రైలు ఉంది, సుమారు గంటా ముప్పావు ప్రయాణం. కోటకు వేరే రోజున ఫ్యుసెన్ వరకు రైలు, అక్కడి నుంచి బస్సు. ప్రాంతీయ రైళ్ళకు బవేరియా టికెట్ తీసుకుంటే ఒకే టికెట్ మీద ఐదుగురు వెళ్ళవచ్చు (పనిదినాల్లో ఉదయం 9 తర్వాతే చెల్లుతుంది). ఏడుగురికి వ్యాన్, గైడ్, ఖాళీగా తిరిగి వెళ్ళే ఖర్చు, ఇవన్నీ కలిపితే ఎంతవుతుందో ఒకసారి లెక్క వేయండి. ఆ డబ్బుతో ఇన్స్‌బ్రుక్‌లో మరో రెండు రాత్రులు ఉండవచ్చు.

ఇసార్ ఒడ్డు
రైలుబండి గారూ, మేమిద్దరమే అయితే మీరు చెప్పినట్టే చేసేవాళ్ళం. నాలుగు పెద్ద పెట్టెలు, మోకాళ్ళ నొప్పి, పిల్లవాడు. ఫ్యుసెన్‌లో రైలు దిగి, బస్సు కోసం పరుగెత్తి, అందులో నిలబడి వెళ్ళడం నాన్నగారి వల్ల కాదు. పైగా సామానుతో ఒకే దిశలో వెళ్ళే ప్రయాణం కాబట్టి బండికే మొగ్గు.

కొండదారి గారూ, వాటెన్స్ కొట్టేశాను. త్సుగ్‌ష్పిట్సె అంటే మా వారికి మోజు. ఒప్పించాలి.

నీలికొలను
మీ వారికి ఇది చూపించండి. త్సుగ్‌ష్పిట్సె 2,962 మీటర్లు, జర్మనీలో అన్నిటికంటే ఎత్తు. ఐబ్‌సే చెరువు పక్కన, సుమారు 1,000 మీటర్ల ఎత్తులో రోప్‌వే ఎక్కితే పది నిమిషాల్లో పైన దింపుతుంది. 2017 చివర్లో కొత్తగా కట్టిన ఆ రోప్‌వే అద్భుతమే, కాదనను. 127 మీటర్ల స్తంభం ఒక్కటే, అక్కడి నుంచి పైదాకా 3 కిలోమీటర్లకు పైగా ఆధారం లేకుండా తీగ సాగుతుంది. కానీ స్టెంట్ ఉన్నవారిని పది నిమిషాల్లో దాదాపు రెండు వేల మీటర్లు పైకి తీసుకెళ్ళే ముందు వైద్యుడిని అడగాలి. ఇన్స్‌బ్రుక్‌లో నార్ట్‌కెట్టె రోప్‌వే మీద జేగ్రూబె స్టేషన్ వరకు వెళ్తే 1,905 మీటర్లే. ఊరంతా కాళ్ళ కింద కనిపిస్తుంది, అక్కడే కూర్చొని కాఫీ తాగవచ్చు, ఊపిరి ఆడటం లేదనిపిస్తే వెంటనే దిగిపోవచ్చు.

బవేరియా బాబాయి
అమ్మాయీ, మొదట కోట టికెట్. మిగతావన్నీ ఆ తర్వాతే. చాలామంది బండి కుదుర్చుకొని, సమయాలు రాసుకొని, ఆఖర్న టికెట్ కోసం చూస్తారు. అప్పటికి మధ్యాహ్నం 3 గంటల టికెట్లే మిగులుతాయి, రోజంతా తలకిందులవుతుంది. జూన్‌లో అయితే వారాల ముందే చూసుకోవాలి.

నోయ్‌ష్వాన్‌స్టైన్‌కు టికెట్ మీద నిమిషంతో సహా సమయం వేసి ఇస్తారు. ఆ నిమిషం దాటితే ద్వారం తెరుచుకోదు, మరో గుంపుతో పంపరు. లోపల సొంతంగా తిరగనివ్వరు, కోట వారి గైడే తిప్పుతారు. ఫోటోలు తీయనివ్వరు. వీపు సంచులు, పిల్లల బండి లోపలికి రానివ్వరు. 18 ఏళ్ళ లోపు వారికి ప్రవేశ రుసుము లేదు, కానీ మీ అబ్బాయికి కూడా టికెట్ తీసుకోవాలి.

ఇప్పుడు మీ నాన్నగారి మోకాళ్ళ సంగతి. పైకి వెళ్ళడానికి మూడు దారులు. నడిస్తే నిటారు రోడ్డు మీద అరగంట పైనే, మన వయసు వాళ్ళకు నలభై నిమిషాలు. గుర్రపు బండి ఎక్కితే కోట కిందే దింపుతారు, అక్కడి నుంచి ఇంకా కొంత ఎక్కాలి. బస్సు ఎక్కితే కోటకంటే పైన, మరియా వంతెన దగ్గర దింపుతుంది, అక్కడి నుంచి కోటకు దిగుడు దారి. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఎక్కడం కంటే దిగడమే కష్టం, అందుకని బస్సు సుఖమని అందరూ చెప్పినా నేను గుర్రపు బండే చెబుతాను. మంచు పడితే బస్సు నడవదు, మీరు వచ్చేది జూన్ కాబట్టి ఆ బెంగ లేదు.

లోపల ఎక్కి దిగే మెట్లు అన్నీ కలిపితే మూడు వందలకు పైనే. చక్రాల కుర్చీలో వచ్చేవారికి లిఫ్టు ఉంది, అయితే ముందే చెప్పి రాయించుకోవాలి. నాన్నగారు లోపలికి వద్దనుకుంటే కింద చెరువు గట్టున కూర్చోబెట్టండి. ఆల్ప్‌సే చెరువు, ఎదురుగా పసుపు రంగు హోహెన్‌ష్వాంగావ్ కోట. నోయ్‌ష్వాన్‌స్టైన్ కట్టించిన రెండో లూడ్విగ్ రాజు పెరిగింది ఆ కోటలోనే. చాలామంది దాని వైపు తిరిగైనా చూడరు.

ఇసార్ ఒడ్డు
బాబాయి గారూ, చాలా ఉపయోగపడే మాటలు. ఒక సందేహం. కోట లోపల వాళ్ళ గైడే తిప్పుతారంటే, మేము డబ్బు ఇచ్చి తెచ్చుకున్న గైడ్ ఏం చేస్తారు?

కొండదారి
అసలు అడగవలసిన ప్రశ్న ఇదే. కంపెనీల కాగితాల మీద ‘గైడ్‌తో యాత్ర’ అని ఉంటుంది. దాని వెనక మూడు రకాలు ఉంటాయి. ఒకటి, ఉత్త డ్రైవరు. మర్యాదగా తలుపు తీస్తారు, దారిలో అడిగినదానికి నాలుగు మాటలు చెబుతారు. రెండు, డ్రైవరే గైడ్. నడుపుతూ కథ చెబుతారు, కానీ బండిని వదిలి మీతో ఎక్కువ దూరం రాలేరు. మూడు, డ్రైవరు వేరు, గైడ్ వేరు. దీనికి ఒక సీటు, ఒక జీతం అదనం.

ఆస్ట్రియాలో గైడ్ పనికి చదువు, పరీక్ష, లైసెన్సు ఉంటాయి. ఇన్స్‌బ్రుక్ పాత పట్టణంలో నడిపిస్తూ వివరించాలంటే లైసెన్సు ఉన్న గైడే కావాలి. మ్యూనిక్ నుంచి వచ్చిన డ్రైవరు అక్కడి ‘బంగారు పైకప్పు’ భవనం ముందు నిలబడి మీకు పాఠం చెప్పకూడదు. (ఆ పైకప్పుకు బంగారు పూత వేసిన రాగి పెంకులు 2,657. మాక్సిమిలియన్ చక్రవర్తి కోసం 1500 ప్రాంతంలో కట్టారు. నేను లైసెన్సు లేకుండానే చెప్పేశాను.)

మీ ప్రయాణానికి రెండో రకం చాలు. కథంతా బండిలో, కోట కింద, చెరువు దగ్గర చెప్పించుకోండి. రాజు 1869లో పునాది వేయించడం, 1886 జూన్‌లో వేరే చెరువులో శవమై తేలడం, ఆ తర్వాత ఏడు వారాలకే ఆ కోటను టికెట్ పెట్టి జనానికి తెరవడం, సింహాసనం లేని సింహాసన మందిరం. ఇవన్నీ లోపలికి వెళ్ళే ముందే విని ఉంటే, లోపల ఆ అరగంట గబగబా నడిపించినా అర్థమవుతుంది. ఇన్స్‌బ్రుక్ నగరానికి మర్నాడు స్థానిక గైడ్‌ను రెండు గంటలకు విడిగా పెట్టుకోండి.

డబ్బు కట్టే ముందు ఈమెయిల్‌లో రాయించుకోండి: డ్రైవరు ఇంగ్లీషు ఎంత బాగా మాట్లాడతారు, బండి ఖాళీగా మ్యూనిక్ తిరిగి వెళ్ళే ఖర్చు ధరలో కలిసిందా, ఆలస్యమైతే గంటకు ఎంత, పార్కింగ్ ఎవరిది, కోట టికెట్లు వాళ్ళు తీస్తారా మీరు తీయాలా. ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు.

రైలుబండి
ఖాళీ తిరుగు ప్రయాణం సంగతి నేను ముందే చెప్పాను.

స్టుట్‌గార్ట్ పెట్టె
సామాను గురించి ఎవరూ అనలేదు. ఎనిమిది మంది కూర్చునే వ్యాన్ అని కంపెనీ రాస్తే, అది పెట్టెలు లేకుండా ఎనిమిది మంది. పొడవు తక్కువ రకం బండి పంపితే వెనక వరుస వెనకాల చేతి సంచులే పడతాయి. మీరు ఏడుగురు, నాలుగు పెద్ద పెట్టెలు, చిన్నవి ఎన్నో. పెట్టెల సంఖ్య, కొలతలు రాసి పంపి పొడవాటి బండి అడగండి. పిల్లవాడి సీటు కూడా అడగాలి. జర్మనీలో 12 ఏళ్ళ లోపు, 150 సెంటీమీటర్ల లోపు పిల్లలకు తప్పనిసరి. ఆస్ట్రియాలో 14 ఏళ్ళు, 135 సెంటీమీటర్లు. ఆరేళ్ళ పిల్లవాడు రెండు లెక్కల్లోకీ వస్తాడు.

పెసరట్టు
అత్తగారి భోజనం సంగతి నేను చెబుతాను, ఇక్కడ చాలామంది బోల్తా పడేది దీంట్లోనే. కోట కింద హోటళ్ళలో శాకాహారం అని ఉంటుంది, కానీ వాళ్ళ శాకాహారంలో గుడ్డు ఉంటుంది. కేజె ష్పెట్స్‌లె అంటే చీజ్ వేసిన గుడ్డు పిండి ముద్దలు. కైజర్‌ష్మార్న్ గుడ్లతోనే చేస్తారు. రొట్టె ముద్దలు, పాలకూర ముద్దలు, అన్నిటిలోనూ గుడ్డే. సూప్ ఇంకా మోసం. సన్నగా తరిగిన దోసె ముక్కల్లాంటివి తేలుతూ, చూడటానికి సాత్వికంగా కనిపించే సూప్ ఉంటుంది. ఆ ముక్కలు గుడ్డు అట్లు, కింద ఉన్నది గొడ్డు మాంసం ఉడికించిన నీళ్ళు. శాకాహారమా అని అడిగితే ‘మాంసం ముక్కలు లేవు’ అన్న అర్థంలో అవునని అనేవారు కూడా ఉన్నారు.

మ్యూనిక్‌లో మీ ఇల్లు ఉంది కాబట్టి పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి. అది సాయంత్రం దాకా ఉంటుంది. పెరుగన్నం జూన్ ఎండలో బండిలో పులుస్తుంది, వద్దు. బండిలో తినవచ్చా అని డ్రైవరును అడగండి, చాలామంది ఒప్పుకోరు. చెరువు ఒడ్డున బల్ల చూసుకొని తినండి.

మరో మాట, యాత్రకు సంబంధం లేకపోయినా. పెద్దవాళ్ళు ఇండియా నుంచి వచ్చేటప్పుడు నెయ్యి, పాలకోవా తేవద్దని చెప్పండి. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి తేవడం ఇక్కడ నిషేధం, విమానాశ్రయంలో తీసి పారేస్తారు. ఆవకాయకు ఆ బాధ లేదు.

నీలికొలను
పులిహోరకు చోటు నేను చెబుతాను. కోట నుంచి లిండర్‌హోఫ్ వైపు వెళ్ళే దారి ఒకసారి ఆస్ట్రియాలోకి దిగి, రాయ్టె మీదుగా ప్లాన్‌సే చెరువు ఒడ్డున సాగి, అమ్మర్‌జాటెల్ కనుమ దాటి మళ్ళీ జర్మనీలోకి వస్తుంది. ఆ చెరువు ఒడ్డున రోడ్డు నీళ్ళకు ఆనుకొనే ఉంటుంది. రెండు వైపులా నిటారు కొండలు, నీళ్ళ రంగు గంటగంటకూ మారుతుంది. పర్యాటక బస్సులు ఎక్కువగా అటు రావు. నన్నడిగితే ఆ రోజు మొత్తంలో పెద్దవాళ్ళకు గుర్తుండేది కోట కాదు, ఇదే.

బవేరియా బాబాయి
ఈ మాటకు నేను సై. అక్కడి నుంచి లిండర్‌హోఫ్ ఎలాగూ దారిలోనే తగులుతుంది. రాజు బతికుండగా పూర్తయిన భవనం అదొక్కటే, చిన్నది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి నోయ్‌ష్వాన్‌స్టైన్ కంటే అదే మేలు.

ఇసార్ ఒడ్డు
ఒకే రోజు రెండు భవనాలంటే మామగారు ఇప్పటికే నసుగుతున్నారు, ‘ఒక రాజు, ఒక కోట చాలు’ అని. ఆయనకు సంగీతం పిచ్చి. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వాయులీనం పెట్టి కూర్చుంటే భోజనానికి కూడా లేవరు. ఆయన కోసం దారిలో ఏదైనా ఉందా?

కొండదారి
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ప్రణాళిక వేరుగా ఉండేది! గార్మిష్ దాటాక, ఆస్ట్రియా సరిహద్దుకు కాస్త ముందు మిట్టెన్‌వాల్డ్ అనే ఊరు ఉంది. వయొలిన్లు తయారు చేసే ఊరు.

ఒకప్పుడు ఇటలీకి, జర్మనీకి మధ్య సరుకు రవాణా ఆ దారిన సాగేది. 1487 నుంచి 1679 దాకా బోల్జానో (ఇప్పుడు ఇటలీలో ఉన్న ఊరు) సంత అక్కడే జరిగింది. సంత తిరిగి వెళ్ళిపోయాక ఊరు చితికిపోయింది. ఇటలీలోని పదువాలో వాద్యాల పని నేర్చుకున్న మాథియాస్ క్లోట్స్ 1680లలో తిరిగి వచ్చి వయొలిన్ల తయారీ మొదలుపెట్టాడు. చుట్టూ కొండల మీద వయొలిన్ పై పలకకు పనికొచ్చే స్ప్రూస్ కలప ఉండనే ఉంది. 1858లో బడి కూడా పెట్టారు, ఇప్పటికీ నడుస్తోంది. చర్చి ముందు క్లోట్స్ విగ్రహం ఉంటుంది, కూర్చొని వయొలిన్ చెక్కుతున్నట్టు. ఒక మ్యూజియం ఉంది, అద్దాల కిటికీలోంచి పనివారు కనిపించే దుకాణాలు ఉన్నాయి. వీధి చదును, ఇళ్ళ గోడల నిండా బొమ్మలు. మీ నాన్నగారికీ ఇబ్బంది లేదు. మ్యూజియం ఏ రోజు తెరుస్తారో మాత్రం చూసుకోండి.

లిండర్‌హోఫ్ వదిలేసి అక్కడ గంటన్నర గడపండి.

బవేరియా బాబాయి
లిండర్‌హోఫ్ వదిలేయమనడం నాకు మింగుడు పడటం లేదు. కానీ మామగారి కోసమైతే సరే.

నీలికొలను
శనివారం మానండి. జూన్ మొదటి వారమంటే బవేరియాలో పెంతెకొస్తు సెలవులు కూడా తగలవచ్చు. శనివారం సెలవు జనమంతా ఫెర్న్‌పాస్ కనుమ వైపు కదులుతారు, రాయ్టె చుట్టూ బండ్లు బారులు తీరుతాయి. రద్దీ వారాంతాల్లో టిరోల్ (ఇన్స్‌బ్రుక్ ఉన్న రాష్ట్రం) ప్రభుత్వం పెద్ద రోడ్డు దిగి ఊళ్ళ మీదుగా వెళ్ళడాన్ని నిషేధిస్తుంది. అందుకని ఫోను చూపించే అడ్డదారి అక్కరకు రాదు, పోలీసులు వెనక్కి పంపుతారు. ఆదివారం అంతకంటే మేలు కాదు, దుకాణాలన్నీ మూసి ఉంటాయి. సెలవులు అయ్యాక, మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

స్టుట్‌గార్ట్ పెట్టె
అందరి అసలు పాస్‌పోర్టులూ చేతి సంచిలో పెట్టుకోండి, పెట్టెల అడుగున కాదు. షెంగెన్ వీసా ఒక్కటే రెండు దేశాలకూ చాలు, నిజమే. కానీ జర్మనీ సరిహద్దులో తనిఖీలు జరుగుతున్నాయి, ప్లాన్‌సే దారిలో మీరు ఆస్ట్రియాలోకి వెళ్ళి మళ్ళీ జర్మనీకి వస్తారు. ఫోనులో ఉన్న ఫోటో చూపిస్తే కుదరదు.

ఇసార్ ఒడ్డు
అందరికీ ధన్యవాదాలు. సెలవులు అయ్యాక వచ్చే మంగళవారానికి మార్చాం. కోట టికెట్ ఉదయం 11 దాటాక ఒక సమయానికి దొరికింది, కంపెనీ వారితో మాట్లాడింది ఆ తర్వాతే. ఇప్పుడు ఇలా ఉంది:

7కు మ్యూనిక్‌లో బయలుదేరడం. వీస్ చర్చి దగ్గర అరగంట (అమ్మ చూడాలంది, 1750ల నాటి లోపలి కప్పు బొమ్మలు ఫోటోలో చూసి). 9:45కు కోట కింద. నాన్నగారు, అత్తగారు గుర్రపు బండిలో పైదాకా వెళ్ళి బయటి నుంచే చూసి దిగుతారు, మిగతావాళ్ళం లోపలికి. 1:30కు బయలుదేరి ప్లాన్‌సే దగ్గర పులిహోర. 4కు మిట్టెన్‌వాల్డ్. 6:30కు ఇన్స్‌బ్రుక్. డ్రైవరే గైడ్, పొడవాటి బండి, పిల్లవాడి సీటు, తిరుగు ప్రయాణ ఖర్చు ధరలోనే, అన్నీ రాతలో వచ్చాయి. త్సుగ్‌ష్పిట్సె లేదని మా వారు అలిగారు. నార్ట్‌కెట్టె రోప్‌వేకు కింది స్టేషన్లు ప్రసిద్ధ వాస్తుశిల్పి జహా హదీద్ రూపకల్పన అని చెప్పాక శాంతించారు.

పెసరట్టు
మధ్యాహ్న భోజనం రెండు దాటుతుందండీ. మామగారికి, పిల్లవాడికి కోట దిగగానే ఏదో ఒకటి పెట్టండి. అరటిపళ్ళు, మరమరాలు బండిలో కాకుండా చేతి సంచిలో ఉంచుకోండి. బండి ఎక్కడో పార్కింగ్‌లో ఉంటుంది.

రైలుబండి
ఇంత చక్కగా కుదిరాక నేనేం అనను. తిరుగు ప్రయాణం మాత్రం రైల్లో చేయండి. ఇన్స్‌బ్రుక్ నుంచి కుఫ్‌స్టైన్ దాకా రైలు ఇన్ నది లోయలోనే సాగుతుంది. పెట్టెలు ఎక్కించడానికి ఇద్దరు చాలు, సీట్లు ముందే రిజర్వు చేసుకోండి.

కొండదారి
మిట్టెన్‌వాల్డ్ తర్వాత జీఫెల్డ్ దాటి త్సిర్ల్ కొండ దిగేటప్పుడు రోడ్డు వాలు 16 శాతం దాకా ఉంటుంది. కడుపులో తిప్పేవారిని ముందు వరుసలో కూర్చోబెట్టి, అంతకుముందే నీళ్ళు తాగించండి. మీ హోటల్ పాత పట్టణంలో ఉందా? అది పాదచారుల ప్రాంతం, వ్యాన్ గుమ్మం దాకా రాదు. బండి ఎక్కడ ఆపాలో హోటల్ వారిని అడిగి ఆ వీధి పేరు డ్రైవరుకు ముందే పంపండి, లేకపోతే నాలుగు పెట్టెలూ రాళ్ళు పరిచిన వీధిలో మీవారే లాగాలి.

ఇసార్ ఒడ్డు
పాత పట్టణంలోనే. ఇప్పుడే హోటల్‌కు రాస్తున్నాను.